సెలవుల్లో మాత్రమే కదిలే కారుకు ఏడాది పొడవునా బీమా కట్టాలా?

పండుగ సెలవులు దగ్గరపడుతున్నందున ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం, చదువు కోసం దూరంగా ఉండి సెలవులకు ఇంటికి వచ్చే పిల్లలు కారు నడపడం గురించే ఉన్నాయి. వాటిలో అయిదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న (లక్ష్మీపురం, గుంటూరు): మా అబ్బాయి వరంగల్లులో ఇంజినీరింగు చదువుతున్నాడు. నా పేరు మీద 1,197 సీసీ పెట్రోలు కారు ఉంది కాని నాకు నడపడం రాదు, కారు లైసెన్సు కూడా లేదు. దసరాకు, సంక్రాంతికి, వేసవికి అబ్బాయి వచ్చినప్పుడే బండి బయటికి వస్తుంది. నాలుగేళ్లుగా ఒక్క క్లెయిము కూడా లేదు. రెన్యువల్‌కు ఫుల్ ఇన్సూరెన్సు అయితే పదివేలు దాటుతుందని ఏజెంటు గారు అంటున్నారు. థర్డ్ పార్టీ చాలని ఒకరు, అబ్బాయి వచ్చే ముందు కట్టుకుంటే సరిపోతుందని మరొకరు సలహా ఇస్తున్నారు. విద్యార్థుల కోసం తక్కువ ఖర్చులో ప్రత్యేకమైన పాలసీ ఏదైనా ఉందా?

జవాబు: విద్యార్థి అన్న కారణంగా ప్రీమియం తగ్గించే పాలసీ కోసం మీరు వెతకనక్కరలేదు. మన దేశంలో కారు బీమా ధర ప్రధానంగా బండిని బట్టి నిర్ణయమవుతుంది. ఇంజిను ఎన్ని సీసీలు, కారు ఎంత పాతది, దాని ఐడీవీ (బీమా కోసం లెక్కగట్టే కారు విలువ) ఎంత, ఏ ప్రాంతంలో రిజిస్టరు అయింది, గతంలో క్లెయిములు ఉన్నాయా అన్నవే లెక్కలోకి వస్తాయి. నడిపేవారు ఇరవై ఏళ్ల కుర్రవాడైనా, అరవై ఏళ్ల పెద్దవారైనా, చెల్లుబాటయ్యే లైసెన్సు ఉంటే అదే పాలసీ వర్తిస్తుంది. మీ అబ్బాయి చిన్నవాడని ఎవరూ ఎక్కువ అడగరు, విద్యార్థి అని తగ్గించరు కూడా. ఖర్చు తగ్గించుకునే మార్గాలు వేరే చోట ఉన్నాయి.

ముందుగా తగ్గించలేని భాగం గురించి చెబుతాను. థర్డ్ పార్టీ, అంటే ఎదుటివారికి జరిగే నష్టానికి కట్టే ప్రీమియాన్ని కేంద్ర ప్రభుత్వమే నిర్ణయిస్తుంది కాబట్టి ఏ కంపెనీకి వెళ్లినా అది ఒక్కటే. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం 1,000 సీసీ లోపు సొంత కార్లకు 2,094 రూపాయలు, 1,000 నుంచి 1,500 సీసీ వరకు 3,416 రూపాయలు, ఆపైన 7,897 రూపాయలు. మీ బండి రెండో తరగతిలోకి వస్తుంది. దీనిపై 18 శాతం జీఎస్టీ అదనం. 2025 సెప్టెంబరులో వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాలపై జీఎస్టీ తీసివేసినప్పుడు వాహన బీమాకు కూడా పోయిందని కొందరు పొరబడుతున్నారు. సొంత కార్ల బీమా జోలికి ప్రభుత్వం వెళ్లలేదు.

అబ్బాయి వచ్చే ముందు కట్టుకోవచ్చన్న సలహా పైకి తెలివైనదిగానే కనిపిస్తుంది గాని, మీ విషయంలో అదే అన్నిటికంటే ఖరీదైనది. మోటారు వాహనాల చట్టం 146వ సెక్షను ప్రకారం బహిరంగ స్థలంలో బీమా లేని వాహనాన్ని వాడరాదు. మొదటిసారి పట్టుబడితే రెండు వేల రూపాయల జరిమానా గాని, మూడు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. రెండోసారి నుంచి జరిమానా నాలుగు వేలు. ఇంటి గేటు లోపల ఉన్నంతకాలం ఎవరూ అడగకపోవచ్చు, కాని మన అపార్ట్‌మెంట్లలో సగం కార్లు నిలిచేది వీధిలోనే కదా. అంతకన్నా ముఖ్యమైన విషయం, పాలసీ గడువు ముగిసి 90 రోజులు దాటితే మీరు నాలుగేళ్లుగా కూడబెట్టుకున్న నో క్లెయిమ్ బోనసు, అంటే క్లెయిము చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు, మొత్తం పోతుంది. ఆ లోపే కట్టినా, గడువు ముగిశాక సొంత నష్టానికి బీమా ఇచ్చే ముందు కంపెనీవారు బండిని తనిఖీ చేస్తారు. ఈ తనిఖీ పండుగకు ముందు రోజు సాయంత్రం కుదరకపోతే అబ్బాయి తాళాలు పట్టుకుని ఇంట్లో కూర్చోవలసి వస్తుంది, లేదా మీకు చెప్పకుండా బయటికి తీస్తాడు.

ఇక తగ్గించగలిగిన భాగం చూద్దాం. సొంత నష్టానికి, అంటే మన కారుకు జరిగే నష్టానికి కట్టే ప్రీమియాన్ని ఓడీ అంటారు. దీన్ని కంపెనీలే నిర్ణయించుకుంటాయి కాబట్టి ఒకే కారుకు నాలుగు కంపెనీలు నాలుగు ధరలు చెబుతాయి. లెక్క కోసం మీ కారు ఓడీ 8,000 రూపాయలు అనుకుందాం. నాలుగేళ్లు క్లెయిము లేదు కాబట్టి మీకు 45 శాతం బోనసు, అంటే 3,600 రూపాయలు తగ్గి 4,400 అవుతుంది. థర్డ్ పార్టీ 3,416 కలిపితే 7,816, జీఎస్టీతో సుమారు 9,223 రూపాయలు. మీ ఏజెంటు గారు చెప్పిన పదివేల పైచిలుకులో మిగిలినది యజమాని వ్యక్తిగత ప్రమాద కవరు, జీరో డిప్రీసియేషను (విడిభాగాల ధరలో తరుగుదల కోయకుండా ఇచ్చే కవరు) వంటి అదనాలు అయి ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా విడగొట్టి చూపించమని అడగండి.

అందులో ఒకటి మీకు వర్తించదు. యజమాని తానే నడుపుతూ ప్రమాదానికి గురైతే 15 లక్షల రూపాయల వరకు ఇచ్చే ఆ తప్పనిసరి కవరు, కారు లైసెన్సు ఉన్న యజమానికి మాత్రమే. మీకు లైసెన్సు లేదు కాబట్టి దాన్ని తీసివేయమని కోరవచ్చు. అడగకుండా ఎవరూ తీసివేయరు.

నడిచిన కిలోమీటర్లను బట్టి ఓడీ తగ్గించే పద్ధతికి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2022 జూలైలో అనుమతి ఇచ్చింది. ఏడాదికి ఇన్ని వేల కిలోమీటర్లకు మించి తిప్పనని ముందే ఒక మెట్టు ఎంచుకుంటే ప్రీమియం తగ్గిస్తారు. ఓడోమీటరు రీడింగును ఫొటో రూపంలో గాని, బండికి బిగించిన పరికరం ద్వారా గాని నమోదు చేసుకుంటారు. ఏడాదిలో ఎక్కువ నెలలు షెడ్డులో ఉండే మీ బండికి ఇది సరిగ్గా సరిపోతుంది. అయితే ఈ తగ్గింపు ఓడీకే గాని థర్డ్ పార్టీకి కాదు. ఎంచుకున్న కిలోమీటర్లు దాటాక అదనపు కిలోమీటర్లు కొనకుండా ప్రమాదం జరిగితే సొంత నష్టం క్లెయిము చిక్కుల్లో పడుతుంది. వేసవిలో స్నేహితులతో అరకు వరకు వెళ్లి రావాలన్న ఆలోచన అబ్బాయికి ఉంటే మెట్టు ఎంచుకునే ముందే ఆ మాట అడిగి తెలుసుకోండి.

స్వచ్ఛంద డిడక్టిబుల్, అంటే ప్రతి క్లెయిములో మనమే భరిస్తామని ఒప్పుకునే మొత్తం గురించి ఏజెంట్లు తక్కువగా చెబుతారు, ప్రీమియం తగ్గితే కమీషను కూడా తగ్గుతుంది కాబట్టి వారిని తప్పుపట్టలేము. 1,500 సీసీ లోపు కార్లకు ప్రతి క్లెయిములో మొదటి 1,000 రూపాయలు ఎలాగూ మీరే భరించాలి. దానిపైన మరో 2,500 గాని, 5,000 గాని మేమే పెట్టుకుంటామని ఒప్పుకుంటే ఓడీలో రాయితీ ఇస్తారు. కుర్రవాళ్ల చేతిలో బండి అంటే గీతలు, చిన్న సొట్టలు తప్పవు, అలాంటప్పుడు డిడక్టిబుల్ పెంచుకోవడం ఏమి తెలివి అని మీరు అడగవచ్చు. ఆ చిన్న సొట్టలకు క్లెయిము చేయకపోవడమే లాభం కనుకనే పెంచుకోమంటున్నాను. పార్కింగులో వెనుక బంపరు పగిలి కొత్తదానికి 3,000 రూపాయలు అయిందనుకోండి. బంపరు ప్లాస్టిక్కు కాబట్టి సగం తరుగుదల కింద పోయి 1,500 మిగులుతుంది, అందులో 1,000 తప్పనిసరి డిడక్టిబుల్ పోగా లేబరు కాక మీ చేతికి వచ్చేది 500 రూపాయలు. జీరో డిప్రీసియేషను ఉంటే 2,000 వస్తుంది. కాని ఆ ఒక్క క్లెయిముతో వచ్చే ఏడాది మీకు రావలసిన 50 శాతం బోనసు, పైన అనుకున్న లెక్కలో 4,000 రూపాయలు, సున్నా అవుతుంది. మళ్లీ 20 శాతం నుంచి మొదలుపెట్టి మెట్లు ఎక్కాలి. అందువల్ల చిన్న నష్టాలను చేతి డబ్బుతో ఆటోనగర్‌లో బాగుచేయించుకుని, బీమాను పెద్ద నష్టాలకు ఉంచుకునే ఉద్దేశం ఉన్నవారికి డిడక్టిబుల్ పెంచుకోవడం వల్ల పోయేదేమీ లేదు.

థర్డ్ పార్టీ చాలన్న సలహాకు జవాబు కింది రెండు ఉత్తరాల్లో దొరుకుతుంది.

ప్రశ్న (అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ): 2024 సెప్టెంబరు వరదల్లో మా కారు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉన్నందున రూపాయి కూడా రాలేదు. ఇప్పుడు ఒక పాత కారు కొన్నాము. బెంగళూరులో చదివే మా అమ్మాయి సెలవులకు వచ్చినప్పుడు మాత్రమే దాన్ని నడుపుతుంది. అమ్మిన వారి ఫుల్ ఇన్సూరెన్సు ఇంకా ఏడు నెలలు ఉంది. మేము ఏమైనా చేయాలా?

జవాబు: బుడమేరు గండ్లు పడిన ఆ వారంలో నిలిపి ఉంచిన కార్లే ఎక్కువగా మునిగాయి. నడవని బండికి ప్రమాదం ఉండదన్న నమ్మకం ఎంత తప్పో మీకు వేరుగా చెప్పనక్కరలేదు. థర్డ్ పార్టీ పాలసీ ఎదుటివారికి జరిగే నష్టానికే గాని మన బండికి కాదు. వరద, తుపాను, అగ్ని ప్రమాదం, దొంగతనం, ఇవన్నీ ఓడీ భాగంలోనే ఉంటాయి. సెలవుల్లో మాత్రమే కదిలే కారుకు రోడ్డు మీది ముప్పు తక్కువ కావచ్చు గాని, ఇంటి ముందు ముప్పు ఏడాదంతా ఉంటుంది.

పాలసీ మార్పిడి విషయంలో ఆలస్యం చేయవద్దు. కారు చేతులు మారితే థర్డ్ పార్టీ భాగం చట్టప్రకారం కొత్త యజమానికి వచ్చినట్టే పరిగణిస్తారు గాని, ఓడీ భాగం అలా రాదు. కొన్న 14 రోజుల లోపు కంపెనీకి దరఖాస్తు చేసి పాలసీని మీ పేరు మీదికి మార్పించుకోవాలి. అమ్మినవారి నో క్లెయిమ్ బోనసు వారిదే, బండితో పాటు రాదు. కాబట్టి మిగిలిన ఏడు నెలలకు ఆ తేడా మొత్తాన్ని మీ నుంచి వసూలు చేస్తారు, అది న్యాయమే. పాత కారు ఇచ్చివేసినప్పుడు మీ సొంత బోనసు ఏదైనా మిగిలి ఉంటే ఆ ధ్రువపత్రం మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి బీరువాలో ఒకసారి వెతకండి.

మీ ప్రాంతంలో నేను సిఫారసు చేసే ఒకే ఒక్క అదనపు కవరు ఇంజిన్ ప్రొటెక్షను. నీట మునిగిన కారును స్టార్టు చేస్తే సిలిండర్లలోకి చేరిన నీటివల్ల కనెక్టింగు రాడ్లు వంగి ఇంజిను పట్టేస్తుంది. ఈ నష్టం వరద వల్ల కాదు, స్టార్టు చేయడం వల్ల జరిగిందని సర్వేయరు రాస్తే మామూలు ఓడీలో డబ్బు రాదు. నీరు తీసిన తరువాత కూడా తాళం తిప్పకుండా, బ్యాటరీ తీగ విప్పేసి, నీరు ఎంతవరకు వచ్చిందో కనిపించేలా ఫొటోలు తీసి, కంపెనీకి తెలియజేసి, బండిని లాగించుకుని గ్యారేజీకి చేర్చాలి. నెట్టి స్టార్టు చేద్దామని వీధిలో ఎవరో ఒకరు తప్పకుండా ముందుకు వస్తారు; దయచేసి వారిని ఆపండి.

ప్రశ్న (వడ్డేశ్వరం నుంచి ఒక విద్యార్థిని): నాన్నగారి పేరు మీద ఉన్న కారును నేను నడిపితే బీమా వర్తిస్తుందా? సెలవుల్లో స్నేహితులను ఎక్కించుకుని విజయవాడ వెళ్లి వస్తూ ఉంటాను. మా తమ్ముడికి పదిహేడేళ్లు, వాడూ నేర్చుకుంటానంటున్నాడు.

జవాబు: వర్తిస్తుంది, కాని మీ లైసెన్సు కార్డును ఒకసారి బయటికి తీసి చూసుకోండి. చాలామంది విద్యార్థుల దగ్గర ఉన్నది మోటారు సైకిలు లైసెన్సు మాత్రమే. అందులో ఎల్‌ఎంవీ (కారు వంటి తేలికపాటి వాహనం) అన్న తరగతి లేకపోతే కారు విషయంలో మీకు లైసెన్సు లేనట్టే. అప్పుడు మీ కారుకు జరిగిన నష్టం కంపెనీ ఇవ్వదు. ఎదుటివారికి పరిహారం చెల్లించినా ఆ మొత్తాన్ని మీ నాన్నగారి దగ్గర వసూలు చేసుకునే అవకాశం ఉంది. ఎల్‌ఎల్‌ఆర్‌తో (నేర్చుకునేవారికి ఇచ్చే తాత్కాలిక లైసెన్సుతో) నడిపేవారికి పాలసీ వర్తించాలంటే, పక్కన పక్కా లైసెన్సు ఉన్నవారు బండిని ఆపగలిగేలా కూర్చోవాలి, ముందు వెనుక తెల్లని పలక మీద ఎర్రని ఎల్ అక్షరం ఉండాలి. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలే చెల్లుతుంది. వేసవి సెలవుల్లో తీసుకుని, పరీక్షకు వెళ్లకుండా కాలేజీకి తిరిగి వెళ్లి, సంక్రాంతికి వచ్చి దానితోనే నడిపే పిల్లలు ఎందరో ఉన్నారు.

స్నేహితుల విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి. కేవలం థర్డ్ పార్టీ పాలసీ ఉన్న సొంత కారులో ఉచితంగా ప్రయాణించేవారికి ప్రమాదం జరిగితే, వారు ఆ పాలసీ కిందికి రారని కంపెనీలు వాదిస్తాయి. స్కూటరు వెనుక కూర్చున్నవారి విషయంలో 2008లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆ వాదనకు బలమిచ్చింది. కాంప్రహెన్సివ్ పాలసీ (ఫుల్ ఇన్సూరెన్సు) ఉన్న సొంత కారులో కూర్చున్నవారికి మాత్రం కవరేజీ ఉంటుందని అదే కోర్టు 2012లో స్పష్టం చేసింది. నలుగురు స్నేహితులను ఎక్కించుకుని వారధి దాటే విద్యార్థికి ఫుల్ ఇన్సూరెన్సు ఎందుకంటే నా దృష్టిలో ఇదే అసలు కారణం, బంపరు కాదు.

మరి నడుపుతున్న మీకు? ఇక్కడ చాలా ఇళ్లలో తెలియని ఖాళీ ఒకటి ఉంది. 15 లక్షల వ్యక్తిగత ప్రమాద కవరు మీ నాన్నగారు నడిపినప్పుడు ఆయనకే. యజమాని దగ్గర బండి తీసుకుని నడిపే వ్యక్తి యజమాని స్థానంలోకే వస్తారని, అందువల్ల తన తప్పుతో జరిగిన ప్రమాదానికి ఆ బండి పాలసీ నుంచే మూడో వ్యక్తిలాగా పరిహారం కోరలేరని సుప్రీంకోర్టు 2009లో తేల్చింది. మీ పేరు ప్రత్యేకంగా రాయించి వ్యక్తిగత ప్రమాద కవరు చేర్చమని కంపెనీని అడగవచ్చు. దానితో పాటు, 18 ఏళ్లు నిండి బ్యాంకు ఖాతా ఉన్నవారికి ఏడాదికి 20 రూపాయలతో రెండు లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ఈ రోజే చేరండి. ఇంత చవకైనది మరొకటి నాకు తెలియదు.

తమ్ముడి విషయంలో చర్చ లేదు. పద్దెనిమిది నిండని పిల్లలు కారు నడిపి నేరానికి పాల్పడితే తల్లిదండ్రులకు లేదా యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేవరకు లైసెన్సు ఇవ్వరు. పుట్టినరోజు వరకు ఆగమనండి.

ప్రశ్న (పటమట, విజయవాడ): ఇంగ్లండులో చదివే మా అబ్బాయి డిసెంబరులో మూడు వారాలు వస్తున్నాడు. అక్కడ రోజుల లెక్కన, గంటల లెక్కన కూడా కారు బీమా తీసుకోవచ్చట. ఇక్కడ అలా ఎందుకు లేదు? వాడికి అక్కడి లైసెన్సు ఉంది, ఇక్కడ చెల్లుతుందా?

జవాబు: అక్కడ బీమా ధరను నడిపే వ్యక్తి వయసు, అనుభవం చూసి నిర్ణయిస్తారు, కుర్రవాళ్ల ప్రీమియం విపరీతంగా ఉంటుంది. అమ్మానాన్నల పాలసీలో పేరు చేర్చించుకోవడం, సెలవుల్లో మాత్రం రోజుల లెక్కన పాలసీ కొనడం అక్కడి విద్యార్థులకు అందుకే అవసరమయ్యాయి. అమెరికాలో కూడా ఇంటికి వంద మైళ్లకు పైగా దూరంలో, కారు లేకుండా చదివే పిల్లల కోసం చాలా కంపెనీలు తల్లిదండ్రుల ప్రీమియంలో రాయితీ ఇస్తాయి. మన దగ్గర మీ కారుకు పాలసీ నడుస్తూ ఉంటే, మీ అబ్బాయి మూడు వారాలు నడిపినందుకు అదనంగా ఒక్క రూపాయి కట్టనక్కరలేదు. ఈ ఒక్క విషయంలో మనమే నయం.

లైసెన్సు సంగతి వేరు. బ్రిటన్ లైసెన్సు ఒక్కటే చూపితే ఇక్కడ సరిపోదు, దానితో పాటు అక్కడ జారీ చేసిన అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. వెళ్లకముందు ఇక్కడ తీసుకున్న కారు లైసెన్సు గడువులో ఉంటే ఏ చిక్కూ లేదు, దాన్నే జేబులో పెట్టుకోమనండి.

ప్రశ్న (మంగళగిరి): మా ఇద్దరు పిల్లలూ హాస్టల్లో ఉంటారు. సొంత కారు, దాని బీమా ఎందుకని, సెలవులకు వచ్చినప్పుడు తెలిసినవారి కారును రోజుకు ఇంత అని అద్దెకు తీసుకుంటున్నాము. దానికి ఫుల్ ఇన్సూరెన్సు ఉందని యజమాని చెబుతున్నారు. పరవాలేదా?

జవాబు: అద్దెకు తీసుకోవాలన్న మీ ఆలోచన ఖర్చు రీత్యా చాలా మంచిది, ఏడాదిలో నాలుగైదు వారాల అవసరానికి కారు కొనడం కంటే ఇదే మేలు. కాని తెల్ల నంబరు ప్లేటు ఉన్న సొంత కారును డబ్బుకు అద్దెకు ఇవ్వడం ఆ పాలసీ షరతులకు విరుద్ధం. అద్దె రోజుల్లో ప్రమాదం జరిగితే ఎంత ఫుల్ ఇన్సూరెన్సు ఉన్నా కంపెనీ తిరస్కరించడానికి అదొక్క కారణం చాలు. తెలిసినవారు డబ్బు తీసుకోకుండా ఇస్తే ఈ అభ్యంతరం లేదు. అద్దెకే అయితే నల్లని ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉన్న సెల్ఫ్ డ్రైవ్ కారును తీసుకోండి, బీమా గడువు తేదీని ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి చూడండి, ప్రమాదం జరిగితే మీరు ఎంతవరకు భరించాలో ఒప్పంద పత్రంలో రాయించుకున్న తరువాతే తాళాలు తీసుకోండి.